గోల్డ్‌వాటర్ 1964లో "కాదు" అని ఎందుకు ఓటేశారు? ఆయన రికార్డును ఎలా చదవాలి?

మీరు అడిగింది ఇది: అరిజోనా రిపబ్లికన్ సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ తన సొంత ఊరు ఫీనిక్స్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా పనిచేశారని ఒకచోట చదివారు. అదే మనిషి 1964 పౌరహక్కుల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారని ఇంకోచోట చదివారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? అసలు ఒక సంప్రదాయవాద సెనేటర్‌ని ఓట్లను బట్టి అంచనా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, సెనేటర్ల ఓట్లను లెక్కగట్టి రాజకీయ సంస్థలు ఇచ్చే రేటింగు అంకె చూస్తే చాలదా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రెండూ నిజమే. గోల్డ్‌వాటర్ వ్యక్తిగతంగా వేర్పాటువాది, అంటే నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి విడిగా ఉంచాలనేవాడు, కాదు. ఆ ఓటు రాజ్యాంగం మీద ఆయనకున్న నమ్మకం ప్రకారమే వేశారు. కానీ ఆ ఓటు వల్ల బలపడింది మాత్రం వేర్పాటువాదులే, ఆ సంగతి ఓటేసే ముందే ఆయనకు తెలుసు. నా అభిప్రాయంలో అది తప్పు ఓటు. ఇక రేటింగు అంకె ఒక్కటే చూస్తే ఈ మూడు ముక్కల్లో ఒక్కటి కూడా మీకు కనపడదు.

అమెరికా రాజకీయ చరిత్ర చాలా ఏళ్లు పాఠం చెప్పాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినప్పుడల్లా నేను ముందు చేసే పని ఒకటే: 1964 జూన్ 19 నాటి రోల్‌కాల్ జాబితా (ఎవరు ఏ ఓటేశారో పేరుపేరునా రాసినది) చేతిలో పెట్టి, "కాదు" అన్న 27 పేర్లూ పైకి చదవమంటాను. అక్షరక్రమంలో గోల్డ్‌వాటర్ పేరు ఎనిమిదోది. ఆయనకు పైన ఫుల్‌బ్రైట్, కింద గోర్. ఫుల్‌బ్రైట్ తరువాత వియత్నాం యుద్ధాన్ని ప్రశ్నించి ఉదారవాదుల మెప్పు పొందిన ఆర్కన్సా సెనేటర్. ఆ గోర్, తరువాతి కాలంలో ఉపాధ్యక్షుడైన అల్ గోర్ తండ్రి. ఇంకా పైకీ కిందికీ చూస్తే ఈస్ట్‌లాండ్, రస్సెల్, థర్మండ్ లాంటి కరడుగట్టిన దక్షిణాది పేర్లు వస్తాయి. పిల్లలు అక్కడ ఆగిపోతారు. ఒకే జాబితా, ఒకే మాట, కానీ ఆ మాట అనడానికి కారణాలు వేరు.

ఓటు ఏ దశలో పడిందో చూడకుండా దాని అర్థం చెప్పొద్దు. ఇది మీరు ముందుగా నేర్చుకోవాల్సిన విషయం. సెనేట్‌లో ఒక బిల్లు మీద ఒక ఓటు మాత్రమే ఉండదు. చర్చకు తీసుకోవాలా వద్దా అని ఒకటి, ప్రతి సవరణ మీదా ఒకటి, చర్చ ముగించడానికి ఒకటి, చివరికి బిల్లు మీద ఒకటి. చర్చ ముగించే తీర్మానాన్ని క్లోచర్ అంటారు. ఆ రోజుల్లో అది నెగ్గాలంటే సభకు వచ్చి ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు కావాలి. పౌరహక్కుల బిల్లు అసలు గండం అదే. దక్షిణాది సభ్యులు వారాల తరబడి మాట్లాడుతూ బిల్లును తొక్కిపట్టారు. వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ 14 గంటలకు పైగా ఏకధాటిగా ప్రసంగించి జూన్ 10 ఉదయం ముగించారు.

ఆ రోజు ఓటింగ్‌లో కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. మెదడులో కణితి వల్ల ఆయనకు మాట పోయింది. పేరు పిలిచారు. జవాబు రాలేదు. ఆయన మెల్లగా చెయ్యెత్తి తన కన్ను చూపించారు. ఇంగ్లీషులో కన్నును పిలిచే మాట, "అవును" అని ఓటేసే మాట వినడానికి ఒకేలా ఉంటాయి. గుమాస్తా దాన్ని "అవును"గా రాసుకున్నారు. జూలై నెలాఖరుకు ఎంగిల్ చనిపోయారు. క్లోచర్ 71–29తో నెగ్గింది. ఒక పౌరహక్కుల బిల్లు మీద సెనేట్‌లో క్లోచర్ నెగ్గడం అదే మొదలు.

గోల్డ్‌వాటర్ ఆ 29 మందిలో ఉన్నారు. అయితే ఇక్కడ చూడాల్సింది ఆయన పక్క కుర్చీ. అరిజోనా రెండో సెనేటర్ కార్ల్ హేడెన్ కూడా క్లోచర్‌కు "కాదు" అనే ఓటేశారు. చిన్న రాష్ట్రాలకు ఎడతెగని చర్చే రక్ష అని ఆయన నమ్మకం. తొమ్మిది రోజుల తరువాత చివరి ఓటులో మాత్రం హేడెన్ బిల్లుకు "అవును" అన్నారు. దీనికి తలకిందులుగా చేసినవాళ్లూ ఉన్నారు. రిపబ్లికన్లు హికెన్‌లూపర్, కాటన్ క్లోచర్‌కు అవునన్నారు, బిల్లుకు కాదన్నారు. క్లోచర్ ఓటు ఒక్కటే చూసినవాడు హేడెన్‌ను పౌరహక్కుల విరోధి అంటాడు, హికెన్‌లూపర్‌ను మిత్రుడు అంటాడు. రెండూ తప్పే. గోల్డ్‌వాటర్ విషయంలో ఈ గందరగోళం లేదు, రెండు దశల్లోనూ కాదన్నారు. బిల్లు 73–27తో నెగ్గింది. రిపబ్లికన్లలో 27 మంది అనుకూలం, వ్యతిరేకం ఆరుగురే. కాబట్టి "ఆయన పార్టీ అంతా అలాగే ఓటేసింది కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ రోజు సొంత పార్టీలో ఆయన చాలా చిన్న గుంపులో ఉన్నారు.

ఇప్పుడు కారణం. ఓటుకు ముందు రోజు ఆయన సభలో మాట్లాడారు. బిల్లు మొత్తాన్నీ తప్పుపట్టలేదు. రెండో అధ్యాయం, ఏడో అధ్యాయం మీదే అభ్యంతరం. రెండోది హోటళ్లు, భోజనశాలలు, సినిమా హాళ్లు లాంటి చోట్ల వివక్షను నిషేధిస్తుంది. ఏడోది ఉద్యోగాల్లో వివక్షను నిషేధిస్తుంది. ప్రైవేటు వ్యాపారి ఎవరికి అమ్మాలో, ఎవరిని పనిలో పెట్టుకోవాలో చెప్పే అధికారం రాజ్యాంగం కేంద్రానికి ఇవ్వలేదన్నది ఆయన వాదన. దీన్ని అమలు చేయాలంటే పెద్ద కేంద్ర పోలీసు యంత్రాంగం కావాల్సి వస్తుందని, ఇరుగుపొరుగు ఒకరిమీద ఒకరు ఫిర్యాదులు మోసే పరిస్థితి వస్తుందని కూడా అన్నారు. వివక్షను తాను వ్యతిరేకిస్తానని అదే ప్రసంగంలో చెప్పారు. తన ఓటును అపార్థం చేసుకుంటే దాని ఫలితం తానే అనుభవిస్తానని కూడా చెప్పారు.

ఇది సాకా, నమ్మకమా? ఇది తేల్చడానికి ముందూ వెనకా చూడాలి. ముందు చూస్తే 1957, 1960 పౌరహక్కుల చట్టాలకు ఆయన మద్దతిచ్చారు. అవి ప్రధానంగా ఓటు హక్కుకు సంబంధించినవి. ఓటు హక్కును కాపాడే పని రాజ్యాంగంలో రాసే ఉంది కాబట్టి ఆయన లెక్కలో అక్కడ ఇబ్బంది లేదు. సెనేట్‌కు రాకముందు చూస్తే, 1946లో అరిజోనా ఎయిర్ నేషనల్ గార్డ్‌ను ఏర్పాటు చేసినప్పుడే అందులో జాతి వేర్పాటు లేకుండా చేశారు. సైన్యంలో వేర్పాటును తీసేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు వచ్చింది 1948లో. ఫీనిక్స్ బడుల్లో వేర్పాటు మీద సాగిన న్యాయపోరాటానికి విరాళం ఇచ్చారు. కాబట్టి సాకు అనడానికి నాకు ఆధారం దొరకలేదు. నమ్మకమే.

ఇక్కడితో ఆగిపోయేవాళ్లతో నాకు పేచీ ఉంది. నమ్మకం నిజాయితీదైతే ఓటు సరైనదైపోతుందా? ఫీనిక్స్‌లో గోల్డ్‌వాటర్ కుటుంబానిది పెద్ద దుకాణం. ఆయన ఒక మాట చెబితే ఊళ్లో వినేవాళ్లున్నారు. నచ్చజెప్పి మార్చవచ్చు అన్న ఆయన నమ్మకం ఆ అనుభవంలోంచి వచ్చిందని నా ఊహ. మిసిసిప్పీలో నల్లజాతి మనిషికి ఆ వీలు ఎక్కడిది? అక్కడ తలుపు మూసింది ఒక్క దుకాణదారు మాత్రమే కాదు. రాష్ట్ర చట్టం, షెరీఫ్, కోర్టు, అన్నీ కలిసి మూశాయి. రాష్ట్రమే అడ్డుగోడగా నిలబడినప్పుడు "రాష్ట్రానికి వదిలేద్దాం" అనడం బాధితుడికి జవాబు కాదు. పైగా అదే ఏడాది డిసెంబరులో అట్లాంటాలోని ఒక మోటల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు రెండో అధ్యాయాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద అది చెల్లుతుందని చెప్పింది.

కారణం ఎంత చూస్తారో, ఫలితం కూడా అంత చూడండి. ఆ నవంబరులో అధ్యక్ష ఎన్నికల్లో గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలే గెలిచారు. సొంత అరిజోనా కాక మిగిలినవి లూసియానా, మిసిసిప్పీ, అలబామా, జార్జియా, సౌత్ కరొలినా. డెమొక్రాట్ అధ్యక్షుడు జాన్సన్‌కు 486 ఎలక్టోరల్ ఓట్లు, ఈయనకు 52. మిసిసిప్పీలో మాత్రం ఈయనకు పడింది 87 శాతం. ఆ రాష్ట్రంలో అప్పటికి ఓటరు జాబితాలో చేరగలిగిన నల్లజాతివారు నూటికి పదిమంది కూడా లేరు. ఇక నల్లజాతి ఓట్లలో 1960లో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కు దాదాపు మూడో వంతు పడితే, గోల్డ్‌వాటర్‌కు 6 శాతం దగ్గర ఆగిపోయింది. ఆ సెప్టెంబరులోనే స్ట్రామ్ థర్మండ్ డెమొక్రాటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్లలో చేరారు. దక్షిణాది రాజకీయమే పక్క మారడం మొదలైంది. గోల్డ్‌వాటర్ మనసులో ఏమున్నా, ఆ ఓటు బయట ప్రపంచంలో చేసిన పని ఇది.

నేను కూడా ఒకప్పుడు ఇందులో పొరపాటు చేశాను. మొదటి రెండు మూడేళ్లు క్లాసులో "గోల్డ్‌వాటర్ మొదటినుంచీ పౌరహక్కుల వ్యతిరేకి" అని గట్టిగా చెప్పేవాడిని. 1964 ఓటు చూసి వెనక్కి ఊహించేశాను. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మరి 1957లో ఏమని ఓటేశారు సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం లైబ్రరీలో కూర్చుని వెతికితే తెలిసింది. మర్నాడు క్లాసులో నా మాట వెనక్కి తీసుకున్నాను. అప్పట్నుంచి ఒక్క పెద్ద ఓటు పట్టుకుని మనిషి మొత్తాన్ని చెప్పడం మానేశాను.

ఇక మీ రెండో ప్రశ్న, మొత్తం రికార్డు. గోల్డ్‌వాటర్ 1953 నుంచి 1965 వరకు, మళ్లీ 1969 నుంచి 1987 వరకు సెనేట్‌లో ఉన్నారు. మొదట 1952లో సెనేట్ మెజారిటీ నాయకుడు మెక్‌ఫార్లండ్‌నే ఓడించి వచ్చారు. 1964లో అధ్యక్ష పదవికి పోటీ చేసి సీటు వదులుకున్నారు. 1968లో, పైన చెప్పానే, ఆ హేడెన్ రిటైరైన సీటులోంచి తిరిగొచ్చారు. ఈ ముప్పై ఏళ్లలో నేను ముందుగా చూసేది ఒంటరి ఓట్లు. గుంపుతో కలిసి వేసిన ఓటు పార్టీ సంగతి చెబుతుంది, ఒంటరిగా వేసింది మనిషి సంగతి చెబుతుంది. 1959 ఏప్రిల్‌లో కార్మిక సంఘాల సంస్కరణ బిల్లు, కెనెడీ–ఎర్విన్ బిల్లు, సెనేట్‌లో 90–1తో నెగ్గింది. ఆ ఒక్కటి గోల్డ్‌వాటర్‌ది. బిల్లు మరీ మెత్తగా ఉందని ఆయన ఫిర్యాదు. రెండో పదవీకాలం మొదట్లోనే ఉన్న ఒక సెనేటర్ 90 మందికి ఎదురు నిలవడం చిన్న విషయం కాదు. 1954లో కమ్యూనిస్టుల వేటతో పేరుకెక్కిన సెనేటర్ మెకార్తీని సెనేట్ 67–22తో మందలించినప్పుడు ఆ 22లో ఉన్నారు. 1963లో అణు పరీక్షల నిషేధ ఒప్పందం 80–19తో నెగ్గితే ఆ 19లో ఉన్నారు. 1972లో స్త్రీపురుష సమాన హక్కుల సవరణ 84–8తో నెగ్గింది, ఆ ఎనిమిది మందిలోనూ ఉన్నారు. 1983లో మార్టిన్ లూథర్ కింగ్ జయంతిని సెలవు దినం చేసే బిల్లు 78–22తో నెగ్గినప్పుడు కూడా కాదన్నారు. ఈ చివరిదాన్ని ఆయన అభిమానులు ప్రస్తావించరు. సెలవు దినానికి 1964 నాటి రాజ్యాంగ అభ్యంతరం ఏదీ వర్తించదు కాబట్టి నాకైతే అది మింగుడుపడదు.

ఇదంతా చూసి "సంప్రదాయవాదంలో అన్నిటికంటే చివరి అంచు" అనేయబోతారు. అక్కడ కొన్ని ఓట్లు అడ్డం తిరుగుతాయి. 1970లో నిర్బంధ సైనిక సేవ రద్దు చేసి స్వచ్ఛంద సైన్యం పెట్టాలనే సవరణను, యుద్ధ వ్యతిరేకి అయిన ఒరెగాన్ సెనేటర్ హాట్‌ఫీల్డ్‌తో కలిసి తెచ్చారు. అది ఓడిపోయింది. ఒకరిది యుద్ధం మీద విముఖత, ఇంకొకరిది మనిషిని బలవంతంగా పట్టుకుపోయే ప్రభుత్వం మీద విముఖత. 1981లో శాండ్రా డే ఓ'కానర్‌ను సుప్రీంకోర్టుకు నియమించినప్పుడు మత సంస్థల ఒత్తిడిని బాహాటంగా ఎదిరించారు. తమ మత విశ్వాసాలనే సంప్రదాయవాదం పేరుతో రుద్దాలని చూస్తే అడుగడుగునా పోరాడతానని సెనేట్‌లోనే అన్నారు. ఆమె 99–0తో నెగ్గారు. ఆ 99–0 చూస్తే వెనక జరిగిన ఈ గొడవ ఆనవాలు కూడా కనపడదు.

ఆయన సూత్రానికి మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి, అవి రెండు చోట్ల. ఒకటి సైన్యం. కేంద్రాన్ని ఎక్కడా నమ్మని మనిషి, సర్వసైన్యాధ్యక్షుడిగా అధ్యక్షుడి చేతులు కట్టడానికి ఒప్పుకోలేదు. 1973 యుద్ధ అధికారాల తీర్మానం మీద నిక్సన్ వీటోను సెనేట్ 75–18తో తోసిపుచ్చింది, ఈయన ఆ 18లో ఉన్నారు. రెండోది నీళ్లు. కేంద్రం డబ్బుతో కొలరాడో నది నీటిని అరిజోనా ఎడారికి తెచ్చే పథకాన్ని మనస్ఫూర్తిగా సమర్థించారు. టెన్నెసీ లోయలో కేంద్ర ప్రభుత్వం విద్యుత్తు ఉత్పత్తి చేయడం ఆయన దృష్టిలో తప్పయినప్పుడు అరిజోనాలో ప్రభుత్వ కాలువ ఒప్పెలా అయిందో ఆయన ఎక్కడా నాకు సంతృప్తికరంగా చెప్పలేదు. ఏ నాయకుడి రికార్డు తీసుకున్నా సొంత రాష్ట్రం విడిగా తీసి చూడండి. నూటికి తొంభైమంది అక్కడే జారతారు.

ఇక రేటింగులు. వాటిని పారేయమనను. వాడేముందు కొన్ని విషయాలు చూసుకోండి. సంస్థ తనకు కావాల్సిన కొన్ని ఓట్లనే ఎంచుకుంటుంది. కొన్ని సంస్థలు గైర్హాజరును కూడా మద్దతివ్వనట్టే లెక్కేస్తాయి. దాంతో జబ్బుపడిన ఏడాది, ప్రచారంలో తిరిగిన ఏడాది అంకె పడిపోతుంది, మనిషి మారినట్టు కనిపిస్తుంది. పాత జాబితాల్లో "పెయిర్" అని ఇంకొకటి ఉంటుంది. అనుకూలుడు ఒకరు, వ్యతిరేకి ఒకరు మాట్లాడుకుని ఇద్దరూ ఓటేయకుండా ఉండిపోతారు. వాళ్లు లెక్కలో ఉండరు, అభిప్రాయం మాత్రం పక్కన రాసి ఉంటుంది. ఇక మూజువాణి ఓటుతో నెగ్గినవాటికి ఎవరు ఏమన్నారో రికార్డే ఉండదు.

అన్నిటికంటే పెద్ద పనులు ఒక్కోసారి ఓటింగ్ రికార్డులోకి రానేరావు. 1974 ఆగస్టు 7న గోల్డ్‌వాటర్, సెనేట్ రిపబ్లికన్ నాయకుడు హ్యూ స్కాట్, ప్రతినిధుల సభ రిపబ్లికన్ నాయకుడు జాన్ రోడ్స్ శ్వేతసౌధానికి వెళ్లారు. సెనేట్‌లో మీకు మిగిలిన మద్దతు చాలా తక్కువ అని, వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న అధ్యక్షుడు నిక్సన్‌కు ముఖం మీదే చెప్పారు. మర్నాడు నిక్సన్ రాజీనామా ప్రకటించారు. సెనేట్‌లో అభిశంసన విచారణ జరగలేదు, ఓటూ పడలేదు. గోల్డ్‌వాటర్ జీవితంలో దేశానికి చేసిన పెద్ద మేళ్లలో ఇదొకటని నేననుకుంటాను. ఏ రేటింగులోనూ దీనికి ఒక్క మార్కు లేదు. అలాగే 1984లో ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షుడిగా, నికరాగ్వా రేవుల్లో మందుపాతరలు పెట్టిన సంగతి తనకు సరిగా చెప్పలేదని సీఐఏ డైరెక్టర్ కేసీకి మండిపడుతూ లేఖ రాశారు. అది సొంత పార్టీ ప్రభుత్వం. చివరి ఏడాది మాత్రం పని, ఓటు రెండూ కలిశాయి. త్రివిధ దళాల ఆధిపత్య వ్యవస్థను తిరగరాసిన గోల్డ్‌వాటర్–నికోల్స్ బిల్లు 1986 మేలో సెనేట్‌లో 95–0తో నెగ్గింది. 1959లో 90–1లో ఆ ఒక్కడిగా నిలిచిన మనిషి.

మీరు పని మొదలుపెట్టాలంటే ఇలా చేయండి. 1964 జూన్ 10, జూన్ 19 జాబితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏ పేర్లు అటూ ఇటూ మారాయో గుర్తు పెట్టండి. తరువాత జూన్ 18 నాటి ఆయన ప్రసంగం మొత్తం చదవండి, కోతలు పెట్టిన ముక్కలు వద్దు. ఆ తరువాతే జీవితచరిత్రలు. ఈ వరసలో చదివితే ఎవరో చెప్పిన అభిప్రాయం మీ కళ్లకు ముందే అడ్డం పడదు.

ఇంకొక్కటి, ఆయన ఓట్లలో ఆయనకే బాధ మిగిల్చింది ఏదని మీరు అడగలేదు గానీ చెబుతాను. చాలామంది 1964 అనుకుంటారు. అది కాదు. 1940లో ఆయన పడవలో కొలరాడో నది లోయల గుండా ప్రయాణం చేసి ఫోటోలు, సినిమా తీశారు. 1956లో ఎగువ కొలరాడో జలాశయాల బిల్లుకు మద్దతిచ్చారు. దాంతో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వచ్చింది, తాను చూసిన ఆ లోయ నీట మునిగింది. ముసలితనంలో, అవకాశం వస్తే ఆ ఓటు మార్చుకుంటానన్నారు.